ఒంటి పడవ జాబితా

విశాఖపట్నంలో ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో ప్రద్యుమ్న అనే ప్రోగ్రామర్ ఉండేవాడు. తెలివికి లోటు లేదు గానీ, ఒక్కటిగా ఉన్నదేదీ అతని కంటికి ఆనేది కాదు.

ప్రోగ్రాం సరిగ్గా నడుస్తోందో లేదో చూసే రెండు వందల పరీక్షల్లో ఒకటి తప్పితే "ఒక్కటే కదా" అనేవాడు. పదిమందిని పిలిచిన మీటింగుకు ఒక్కరే వస్తే, ఆ ఒక్కరికీ ఏమీ చెప్పకుండా లైట్లు ఆర్పేసి వెళ్లిపోయేవాడు. ఒకసారి ఆఫీసులో అందరికీ లడ్డూలు పంచుతూ, ఆ రోజు సెలవులో ఉన్న ఒకాయన వాటా తనే నోట్లో వేసుకున్నాడు. అడిగితే "ఒక్క లడ్డూ కదా" అన్నాడు. ఇలాంటివాళ్లు మనలోనూ ఉన్నారు. ఎవరని అడగకండి, చెబితే చాలామందికి కోపాలు వస్తాయి.

ఆ ఆఫీసుకు ఒక మంచి పని వచ్చింది. తీరం వెంబడి మూడు రేవులున్నాయి. పెదరేవు, నడిమిరేవు, చినరేవు. అక్కడి పడవలన్నింటికీ చిన్న చిన్న పెట్టెలు బిగించారు. పడవ ఒడ్డు నుంచి అర కిలోమీటరు దాటగానే, ఆ పెట్టె తానెక్కడుందో విశాఖ ఆఫీసుకు చెబుతుంది. ఆఫీసు కంప్యూటర్ పావుగంటకోసారి ఏ రేవు పడవలు ఎక్కడున్నాయో జాబితా కట్టి ఆ రేవుకు పంపుతుంది. రేవులో ఉన్న యంత్రం ఆ జాబితాను తెర మీద చూపిస్తుంది. గాలివాన హెచ్చరిక వచ్చిందంటే, రేవు యంత్రం ఉపగ్రహం ద్వారా కబురు పంపి, జాబితాలో పేరున్న ప్రతి పడవలోనూ గంట మోగిస్తుంది, ఎర్రదీపం వెలిగిస్తుంది. జాబితాలో పేరు లేని పడవకు గంట మోగదు. ఈ మాట కొంచెం గుర్తు పెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

ఇందులో ప్రద్యుమ్న చేయవలసిన పని జాబితాలను మూట కట్టడం. కంప్యూటర్ కడుపులో పడవ అంటే దాని పేరు, నంబరు, ఎక్కడుంది, ఎంతమంది ఉన్నారు అనేవన్నీ కలిపిన ఒక వస్తువు. ఆ వస్తువును ఉన్నదున్నట్టు తీగల వెంట పంపలేం. దాన్ని ముందు అక్షరాల వరుసగా మార్చాలి. అవతలివాళ్లు ఆ అక్షరాల్లోంచి మళ్లీ వస్తువును బయటికి తీయాలి. పరుపును చుట్టగా చుట్టి రైలెక్కించి, దిగిన ఊళ్లో విప్పి పరుచుకున్నట్టన్నమాట. ఆ పనివాళ్లు దీన్ని సీరియలైజేషన్ అంటారు. నోరు తిరగకపోతే మానేయండి, మూట కట్టడం అనుకుంటే చాలు. ప్రద్యుమ్న కూడా అలాగే అనుకుని, తాను రాసిన లైబ్రరీకి "మూట" అని పేరు పెట్టాడు. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. పదిమంది ప్రోగ్రామర్లు వాడుకునేందుకు ఒకరు రాసిపెట్టిన ప్రోగ్రాం. మూటలో రెండే పనులుండేవి: కట్టడం, విప్పడం.

జాబితాను మూట కట్టేటప్పుడు మొదట ఒక గుర్తు, చివర ఒక గుర్తు పెట్టాలి. "ఇక్కడ జాబితా మొదలైంది, ఇక్కడ అయిపోయింది" అని అవతలి యంత్రానికి తెలియడానికి అవి ఉంటాయి. ప్రద్యుమ్న ఆ రెండు గుర్తులనూ చూసి చాలాసేపు ఆలోచించాడు.

"పది పడవలుంటే జాబితా అంటే అర్థముంది. ఒక్క పడవే ఉంటే జాబితా ఎందుకు? పడవను పడవలాగే పంపేస్తే రెండు అక్షరాలు మిగులుతాయి," అనుకున్నాడు. అలాగే తొమ్మిది లైన్లు రాశాడు. జాబితాలో ఒక్కటే ఉంటే గుర్తులు తీసేయాలి. ఏమీ లేకపోతే అసలు ఏమీ పంపకూడదు. ఆ తొమ్మిది లైన్లూ చూసుకుని మురిసిపోయాడు.

అతని పై అధికారి రామతులసి గారు పాతికేళ్లుగా ఈ పనిలో ఉన్న మనిషి. ఆమె అడిగింది.

"ప్రద్యుమ్నా, ఒక్క పడవతో పరీక్షించావా?"

"నలభై పడవలతో పరీక్షించాను మేడం. నలభైకి పనిచేసింది ఒకటికి పనిచేయదా?"

"అడిగినదానికి జవాబు చెప్పు."

"మేడం, ఏ రేవులోనైనా ఒక్క పడవ ఎప్పుడుంటుంది? చినరేవులో కూడా రోజూ పది పన్నెండు సముద్రంలోనే ఉంటాయి. ఒక్కటి కోసం ఇంత ఆలోచన అవసరమా?"

రామతులసి గారు తల ఊపలేదు, కాదనలేదు. "రేవులన్నీ నీ కళ్లతో చూసి రా. నెల రోజులు రేవుల్లో బోర్డు మీద రాసే పాత పద్ధతీ, మన కొత్త పద్ధతీ పక్కపక్కన నడవనీ. ఆ తర్వాతే పాతది తీసేద్దాం," అంది. ప్రద్యుమ్నకు అది శిక్షలా తోచింది. సంచీ సర్దుకుని, ముఖం మాడ్చుకుని బస్సెక్కాడు.

పెదరేవు, నడిమిరేవు చూసుకుని చివరికి చినరేవు చేరాడు. అక్కడ రేకుల కప్పు వేసిన వైర్‌లెస్ గది ఒకటుంది. దాన్ని ఇరవై రెండేళ్లుగా నరసమ్మ నడుపుతోంది. ఏ పడవ వెళ్లినా గోడకున్న నల్లబోర్డు మీద సుద్దతో పేరు రాసేది. తిరిగి వస్తే చెరిపేది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మైకు ముందు కూర్చుని ఆ పేర్లు చదివేది. ఊరంతా వినేలా గది బయట ఒక లౌడుస్పీకర్ కట్టారు.

ఆమె చదివే పద్ధతి ప్రద్యుమ్నకు నవ్వు తెప్పించింది. "చినరేవు జాబితా మొదలు," అని గట్టిగా అనేది. తర్వాత పేర్లు. ఆపైన, "జాబితా అయిపోయినాది." పన్నెండు పేర్లున్నా అంతే, మూడున్నా అంతే.

"నరసమ్మగారూ, ఒక్కోసారి సముద్రంలో ఎవరూ ఉండరు కదా. అప్పుడేం చదువుతారు?" అని అడిగాడు.

"అప్పుడూ సదువుతాను బాబూ. జాబితా మొదలు, ఎవలూ లేరు, జాబితా అయిపోయినాది, అని."

ప్రద్యుమ్న పగలబడి నవ్వాడు. "ఎవరూ లేకపోతే ఇక చదవడమెందుకండీ?"

"మరి సదవకపోతే ఒడ్డు మీదోల్లకి ఎలాగ తెలుస్తాది? సముద్రంలో ఎవలూ లేక నాను ఊరుకున్నానో, మైకు సెడిపోయి ఊరుకున్నానో, జొరమొచ్చి ఇంట్లో తొంగున్నానో! ఇనేవోల్లు ఏటని అనుకోవాల?" అని ఆమె ఎదురు అడిగింది.

ప్రద్యుమ్న ఆ మాట ఆలోచించవలసింది పోయి, పాతకాలం మనిషిలే అనుకుని ఊరుకున్నాడు. తన కొత్త యంత్రాన్ని ఆమె బల్ల మీదే పెట్టి, తెర వెలిగించాడు. పదకొండు పడవల పేర్లు ముత్యాల్లా వరుసగా వచ్చాయి. నరసమ్మ బోర్డులో కూడా పదకొండే. "సూశావా, నీ మిసను కూడా నా అంత బాగా సెప్తన్నాది," అని ఆమె మెచ్చుకుంది కూడా.

ప్రద్యుమ్న చినరేవులోనే ఉండగా వారం గడిచింది. చినరేవులో గంగమ్మ పండగ వచ్చింది. ఆ ఊళ్లో ఒక కట్టు ఉంది. పండగనాడు తల్లి ఘటం ఊరంతా తిరిగి ఒడ్డుకు వచ్చేదాకా ఒక్క పడవ కూడా నీళ్లను తాకకూడదు. సముద్రంలో ఉన్నవాళ్లు ముందురోజు సాయంత్రానికే వచ్చేస్తారు. పడవలన్నింటికీ పసుపు పూసి, బంతిపూల దండలు కట్టి, ఇసుకలో వరుసగా నిలబెడతారు.

ఆ పొద్దున కూడా అలాగే నిలబెట్టారు. డప్పులు మొదలయ్యాయి. తొమ్మిదింటికి వాతావరణ హెచ్చరిక వచ్చింది. మధ్యాహ్నం రెండింటికల్లా పెద్ద గాలి తీరాన్ని కొడుతుందని, సముద్రంలో ఎవరూ ఉండవద్దని దాని సారాంశం.

ప్రద్యుమ్న యంత్రం తన పని మొదలుపెట్టింది. పెదరేవులో ముప్ఫై నాలుగు పడవలకు గంట మోగింది. నడిమిరేవులో పంతొమ్మిదింటికి మోగింది. అందరూ "చూశాను" అనే బొత్తం నొక్కి వెనక్కి తిరిగారు. రెండు రేవుల నుంచీ ఫోన్లు వచ్చాయి. "సార్, మీ పెట్టె బంగారం!" అన్నారు. ప్రద్యుమ్న ఛాతీ రెండంగుళాలు పెరిగింది. చినరేవు తెర మీద మాత్రం ఒకే ముక్క కనబడుతోంది: సముద్రంలో పడవలు లేవు.

"అమ్మయ్య! ఇక్కడ అందరూ ఒడ్డు మీదే ఉన్నారు. నరసమ్మగారూ, గది తాళం వేసి పండగకు పదండి," అన్నాడు.

నరసమ్మ కదలలేదు. ఆమె బోర్డువైపు చూస్తోంది. బోర్డు మీద ఒక పేరు ఉంది. సూరాడ ఎర్రన్న.

"బాబూ, ఎర్రన్న పడవ రాలేదు," అంది.

"చెరపడం మర్చిపోయుంటారు."

"ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ మర్సిపోలేదు. సూర సేపల కోసం మూడు దినాల కిందట ఎల్లినాడు. నిన్న సాయంత్రానికి వొచ్చీవోడే. ఇంజను మొరాయించినాదేమో. పడవలో ఆడు, ఆడి తమ్ముల్లిద్దరు, బావమరిది. ఒక్క ఇంటి మగోల్లందరూ అందులోనే ఉన్నారు."

"యంత్రం లేవంటోంది కదండీ!"

"మిసను లేవంటన్నాది. బోర్డు ఉన్నాదంటన్నాది. ఇద్దర్లో ఎవలో ఒకలు అబద్ధమాడతన్నారు. ఎవలో సూడు," అంది నరసమ్మ.

ప్రద్యుమ్న విసుగ్గా ల్యాప్‌టాప్ తెరిచాడు. విశాఖ నుంచి చినరేవుకు వచ్చిన మూటను అక్షరం అక్షరం చూశాడు. అందులో ఎర్రన్న పేరు ఉంది. పడవ నంబరు ఉంది. ఒడ్డుకు డెబ్భై కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టుంది. నలుగురు మనుషులని కూడా ఉంది. లేనివల్లా రెండే: మొదటి గుర్తు, చివరి గుర్తు.

సముద్రంలో ఒక్క పడవే ఉంది కాబట్టి, అతను రాసిన ఆ తొమ్మిది లైన్లు జాబితాను జాబితాగా పంపలేదు. రేవులోని యంత్రానికి జాబితా కావాలి. దానికి వచ్చినది జాబితాలా కనబడలేదు. కనబడకపోతే "పడవలు లేవు" అని చూపించమని దానికి చెప్పినవాడు కూడా ప్రద్యుమ్నే. రెండు అక్షరాలు మిగల్చబోయి నలుగురు మనుషుల్ని లెక్కలోంచి తీసేశాడు.

అతను వెంటనే రామతులసి గారికి ఫోన్ చేశాడు. దాచలేదు, నసగలేదు. "మేడం, తప్పు నాది. ఒక్క పడవ ఉంటే నా మూట చెడిపోతోంది. ఎర్రన్న అనే ఆయనకు గంట మోగలేదు."

"సరిచేసి, పరీక్షించి, రేవు యంత్రంలో ఎక్కించడానికి ఎంతసేపు?"

"ఎంత తొందరపడ్డా రెండు గంటలు."

"డెబ్భై కిలోమీటర్లు రావడానికి పడవకు?"

"నాలుగు గంటలు." గోడ గడియారంలో తొమ్మిదీ ఇరవై. గాలి రెండింటికి. రెండు గంటల తర్వాత గంట మోగితే ఎర్రన్న గాలికి నడిమధ్యన చిక్కుకుంటాడు. నరసమ్మ వైర్‌లెస్ ముప్ఫై కిలోమీటర్లు దాటి అందదు. విశాఖ నుంచి పడవకు నేరుగా గంట మోగించే దారి ఎవరూ పెట్టలేదు.

ప్రద్యుమ్న రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అతనికి నిజంగా ఏడుపు వచ్చింది. నరసమ్మ దగ్గరికొచ్చి భుజం మీద ఒక్కటిచ్చింది.

"ఏడిసేది తరవాత. ముందు నాకు తెలిసీలాగ సెప్పు. పన్నెండు పడవలుంటే నీ మిసను బాగానే సెప్పినాది గదా?"

"చెప్పింది."

"రెండుంటే?"

"రెండున్నా చెబుతుంది. ఒక్కటైతేనే చెప్పదు."

"అయితే ఎర్రన్నకి తోడు ఇంకో పడవ సముద్రంలో ఉంటే సాలు. అంతే గదా?"

ప్రద్యుమ్న గభాల్న తలెత్తాడు. అంతే! అర కిలోమీటరు దాటిన పడవ ఇంకొకటుంటే జాబితాలో ఇద్దరవుతారు. ఇద్దరైతే గుర్తులు వాటంతట అవే వస్తాయి. ఎర్రన్న పేరు తెర మీదికొస్తుంది, గంట మోగుతుంది. ఇంత చదివిన బుర్రకు తట్టనిది, బోర్డు మీద సుద్దతో పేర్లు రాసే మనిషికి తట్టింది.

"కానీ ఇవాళ పడవలు నీళ్లు తాకకూడదు కదండీ," అన్నాడు.

నరసమ్మ చీర కొంగు నడుముకు చుట్టి, డప్పుల వైపు పరుగెత్తింది. వెనకే ప్రద్యుమ్న పరుగెత్తాడు.

ఘటం ముందు ఊరిపెద్ద దానయ్య నిలబడి ఉన్నాడు. డెబ్భై ఏళ్ల మనిషి, పసుపు నీళ్లతో తడిసి ఉన్నాడు. నరసమ్మ గబగబా విషయం చెప్పింది. డప్పులు ఆగిపోయాయి. చుట్టూ ఉన్నవాళ్లు గొణిగారు. ఘటం రాకముందే పడవ దించడం ఎప్పుడూ లేదన్నారు. తల్లికి కోపం వస్తుందన్నారు.

ప్రద్యుమ్న ముందుకొచ్చాడు. "పెద్దయ్యా, తప్పు తల్లిది కాదు, ఎర్రన్నది కాదు, యంత్రానిదీ కాదు. నాది. ఒక్క పడవే కదా అని నేను దాన్ని జాబితాలోంచి వదిలేశాను. ఇప్పుడు ఆ ఒక్కడి కోసం మీ కట్టు తప్పమని అడుగుతున్నాను. నన్ను ఏమన్నా అనండి, పడవ మాత్రం దించండి."

దానయ్య అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. తర్వాత గొణుగుతున్నవాళ్ల వైపు తిరిగాడు.

"పండగ ఎవలికోసం సేస్తన్నామురా? సముద్రంలోకి ఎల్లినోడు సల్లగా తిరిగి రావాలనే గదా! ఒక్కడు రాకపోయినా మనం ఎవలికి మొక్కుతున్నట్టు? ఒక్కడైతే మడిసి కాడేటి? ఆ తల్లికి ఎంతమంది బిడ్డలున్నా ఎర్రన్న బిడ్డే. నా పడవ దించండి!"

అంతే, ఇరవైమంది పడవ మీద చేతులు వేశారు. బంతిపూల దండలతోనే పడవ ఇసుకలో జారింది. ప్రద్యుమ్న కూడా ప్యాంటు మోకాళ్లదాకా మడిచి భుజం పెట్టాడు. కెరటాలు అప్పటికే లేస్తున్నాయి. ఒక కెరటం అతన్ని బోర్లా పడేసింది. లేచి, ఉప్పునీళ్లు ఉమ్మి, మళ్లీ తోశాడు. దానయ్య తానే చుక్కాని పట్టాడు. మరో అయిదుగురు ఎక్కారు. ఇంజను మొరిగింది. పడవ రెండు కెరటాలు దాటింది, మూడోది ఎక్కింది, దిగింది.

ప్రద్యుమ్న తడిబట్టలతోనే వైర్‌లెస్ గదికి పరుగెత్తాడు. తొమ్మిదీ నలభై మూడు. తొమ్మిదీ నలభై అయిదుకు కొత్త మూట వస్తుంది. దానయ్య అప్పటికి అర కిలోమీటరు దాటాలి. గది కిటికీలోంచి చూస్తే పడవ పసుపు చుక్కలా ఉంది. నరసమ్మ, గుమ్మం దగ్గర గుమిగూడిన జనం అందరూ తెరనే చూస్తున్నారు.

తొమ్మిదీ నలభై అయిదు. తెర ఒక్కసారి మసకబారి వెలిగింది. రెండు పేర్లు వచ్చాయి.

చినరేవు దానయ్య. సూరాడ ఎర్రన్న.

జనం హోరెత్తారు. ప్రద్యుమ్న చెయ్యెత్తి ఆపాడు. "గంట మోగింది. ఎర్రన్న 'చూశాను' అని నొక్కాలి. నొక్కితేనే తెలిసినట్టు."

దానయ్య పేరు పక్కన గుర్తు వెంటనే పడింది. ఎర్రన్న పేరు పక్కన పడలేదు. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. ఎర్రన్న భార్య గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది, ఏడవడం లేదు, పెదవులు మాత్రం కదులుతున్నాయి. మూడో నిమిషం సగంలో ఎర్రన్న పేరు పక్కన పచ్చటి గుర్తు పడింది. ఆ తర్వాత తెర మీద పడవ చుక్క నెమ్మదిగా ఒడ్డువైపు తిరిగింది.

నరసమ్మ మైకు అందుకుంది. "చినరేవు జాబితా మొదలు," అని ఊరంతా అదిరేలా అరిచింది. ఆ రోజు ఆమె రెండు పేర్లు చదివేసరికి, డప్పులవాళ్లు ఎవరూ చెప్పకుండానే మళ్లీ వాయించడం మొదలుపెట్టారు.

దానయ్య అరగంటలో తిరిగి వచ్చేయవచ్చు. రాలేదు. తను ఒడ్డుకొస్తే జాబితాలో మళ్లీ ఒక్కడే మిగులుతాడని, తర్వాతి హెచ్చరిక అందదని అతనికి అర్థమైంది. అర కిలోమీటరు దాటిన చోటే, కెరటాల మీద ఊగుతూ, ఎర్రన్న కనబడేదాకా పడవను నిలిపి ఉంచాడు. మధ్యాహ్నం రెండు కావడానికి పది నిమిషాలుండగా రెండు పడవలూ ఒకదాని వెనక ఒకటి కెరటాలు దాటి ఇసుకను తాకాయి. అప్పటికే ఆకాశం నల్లబడింది. పడవలను పైకి లాగి తాళ్లు కట్టడం, గాలి వచ్చి మీద పడటం ఒకేసారి జరిగాయి.

ఎర్రన్నకు జరిగినదేమీ తెలియదు. "ఇంజను కింద దూరి ఉన్నాను. అది బాగుసేసి పైకొచ్చీసరికి గంట మోగిపోతన్నాది. పండగ బోయనానికి పిలుస్తన్నారనుకున్నాను," అన్నాడు. అంత గాలిలోనూ అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. అతని భార్య మాత్రం నవ్వుతూనే అతని వీపు మీద నాలుగు బాదింది.

గాలి రేకుల కప్పును దడదడలాడిస్తుంటే, ప్రద్యుమ్న అదే గదిలో కూర్చుని మూట తెరిచాడు. మురిసిపోయి రాసిన ఆ తొమ్మిది లైన్లనూ చెరిపేశాడు. తర్వాత పరీక్షలు రాశాడు. ఏమీ లేని జాబితాకు ఒకటి, ఒక్కటే ఉన్న జాబితాకు ఒకటి, రెండున్న దానికి ఒకటి, నలభై ఉన్న దానికి ఒకటి. నడిపి చూస్తే మూడు నెగ్గాయి. ఏమీ లేని జాబితా పరీక్ష తప్పింది. విప్పే వైపు ఇంకో చోట పాత తెలివితేటలు కొన్ని మిగిలి ఉన్నాయి. ఒకప్పుడైతే "ఒక్కటే కదా" అని ల్యాప్‌టాప్ మూసేసేవాడు. ఆ రోజు మూయలేదు. నాలుగూ నెగ్గేదాకా కూర్చున్నాడు. నెగ్గాక యంత్రానికి ఇంకో మాట నేర్పాడు: జాబితా కానిదేదైనా వస్తే "పడవలు లేవు" అని చెప్పకూడదు. "నాకు అర్థం కాలేదు, మనిషిని పిలవండి" అని గట్టిగా మోగాలి.

రామతులసి గారు ఫోన్‌లోనే అన్నీ చూసింది. "బాగుంది. ఒక్కదానికి ఆ రెండు గుర్తులు దండగ అనేవాడివి, ఇప్పుడేమంటావు?" అని అడిగింది.

"ఆ రెండు గుర్తుల మధ్య నలుగురు మనుషులు పట్టారు మేడం," అన్నాడు ప్రద్యుమ్న.

ఆమె నవ్వింది. అతని తప్పును కాగితం మీద పెట్టలేదు. ప్రద్యుమ్నే పెట్టాడు. మూట లైబ్రరీ వాడే ప్రతివాళ్లూ చదివేలా, అందులో మొదటి పేజీలోనే, చినరేవులో ఏం జరిగిందో, తప్పెవరిదో, పడవ దించినవాళ్లెవరో పూసగుచ్చినట్టు రాశాడు. దాన్ని చదివి ఎక్కడెక్కడి ప్రోగ్రామర్లో తమ తమ ప్రోగ్రాములు తెరిచి చూసుకున్నారు. చాలామంది దగ్గర అలాంటి తొమ్మిది లైన్లే దొరికాయి. ఒకాయన "మా ఆసుపత్రి ప్రోగ్రాంలో ఒక్క రోగి ఉన్న వార్డు కనబడకుండా పోతోంది, మీ కథ చదివి పట్టుకున్నాం" అని ఉత్తరం రాశాడు. ప్రద్యుమ్న ఆ ఉత్తరాన్ని నరసమ్మకు చదివి వినిపించాడు.

మూడో రోజుకు గాలి తగ్గింది. ఆగిపోయిన పండగను చినరేవు మళ్లీ మొదటినుంచీ చేసింది, రెండింతలు గట్టిగా చేసింది. ఈసారి తల్లి ఘటాన్ని ఎర్రన్న తలకెత్తుకున్నాడు. అతని తమ్ముళ్లు, బావమరిది గొడుగు పట్టారు. కట్టు తప్పినందుకు దానయ్య ఒడ్డున మోకరించి దణ్ణం పెడితే, సముద్రం అతని మోకాళ్లదాకా వచ్చి మెత్తగా వెనక్కి పోయింది. తల్లికి కోపం లేదని ఊరంతా కేకలు వేసింది. డప్పుల మధ్య ప్రద్యుమ్నను లాగి నిలబెట్టారు. అతనికి చిందు వేయడం రాదు. అయినా వేశాడు. పెదరేవు, నడిమిరేవుల నుంచి వచ్చినవాళ్లు కూడా అతనితో కలిసి వేశారు. యాభై మూడు పడవలు వెనక్కి తిరిగినప్పుడు అతనికి కలిగింది గర్వం. ఒక్క పడవ తిరిగొచ్చినప్పుడు కలిగింది ఆనందం. ఆ రెంటికీ తేడా ఏమిటో అతనికి జన్మలో మొదటిసారి తెలిసింది.

నీతి: పదిమందికి ఎంత శ్రద్ధ చూపుతామో, ఒక్కరున్నప్పుడు కూడా అంతే శ్రద్ధ చూపాలి, ఒక్కరే కదా అని లెక్కలోంచి తీసేసే తెలివి, ఎంత గొప్పదైనా, తెలివి కాదు.